గోల్ఫ్ కార్ట్‌కి కొత్త బ్యాటరీలు కొనే ముందు పాతవి ఎందుకు పోయాయో చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. హైదరాబాద్‌లో నార్సింగి వైపు మీ గేటెడ్ కమ్యూనిటీలో పెద్దవాళ్లను, స్కూలు పిల్లలను మెయిన్ గేటు నుంచి టవర్ల దాకా తిప్పే ఆరు సీట్ల బగ్గీ ఉంది. 48 వోల్టుల బండి, సీట్ల కింద 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎనిమిది. రెండేళ్లకే చార్జింగ్ నిలవడం మానేశాయి. ఒక డీలర్ నాలుగు ఇన్వర్టర్ బ్యాటరీలు పెట్టుకుంటే సగం ఖర్చుతో అయిపోతుందన్నాడు. ఇంకొకాయన లిథియం తప్ప వేరే మాటే ఎత్తొద్దన్నారు. కమిటీ మీటింగ్‌లో ఏం చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

రిసార్టుల్లోను, కాలేజీ క్యాంపస్‌లలోను ఇలాంటి బండ్ల బ్యాటరీలు చూసుకోవడమే చాలా ఏళ్లుగా నా పని. కాబట్టి నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఇన్వర్టర్ బ్యాటరీలు వద్దు. మిగిలిన రెండింటిలో, అంటే మంచి డీప్ సైకిల్ (లోతుగా ఖాళీ చేసి మళ్లీ నింపుకోవడానికి చేసిన) లెడ్ యాసిడ్, లిథియంలలో ఏది కొనాలన్నది మీ బండి రోజూ చేసే పనిని బట్టి, దాన్ని చూసుకునే మనిషిని బట్టి ఉంటుంది. కానీ ఆ రెండూ తేల్చుకునే ముందు, ఇప్పుడున్న ఎనిమిదీ ఎందుకు పోయాయో తెలుసుకోవాలి. అది తెలియకుండా ఏం కొన్నా ఇంకో రెండేళ్లకి ఇదే మీటింగ్ మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది.

దీనికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఒక మల్టీమీటర్, యాసిడ్ సాంద్రత కొలిచే ఒక హైడ్రోమీటర్, చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు చాలు. ముందు మూతలు తీసి లోపల చూడండి. ప్లేట్లు నీళ్లపైన తేలి కనిపిస్తుంటే కారణం సగం దొరికినట్టే. గాలి తగిలిన ప్లేటు భాగం మళ్లీ పనిచేయదు, తర్వాత ఎంత నీళ్లు పోసినా లాభం లేదు. నీళ్లు సరిగానే ఉంటే బండిని రాత్రంతా పూర్తిగా చార్జ్ చేసి, ప్లగ్ తీసి, ఓ ఆరేడు గంటలు కదపకుండా ఉంచి ఒక్కొక్క బ్యాటరీ వోల్టేజ్ చూడండి. బాగున్న 6 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 6.37 వోల్టుల దగ్గర ఉంటుంది. 6.05 దగ్గర ఉందంటే సగమే నిండింది. హైడ్రోమీటర్ రీడింగ్ నిండిన సెల్‌లో (బ్యాటరీలోని ఒక్కో గదిని సెల్ అంటారు) 1.277 దగ్గర, సగం ఖాళీ అయితే 1.172 దగ్గర ఉంటుంది. బ్యాటరీకి మూడు చొప్పున ఎనిమిదింటిలో మొత్తం 24 సెల్స్ ఉంటాయి. 24 రీడింగులూ ఒక కాగితం మీద రాయండి.

ఆ కాగితమే మీకు కథంతా చెబుతుంది. 22 సెల్స్ బాగుండి రెండు మాత్రం పడిపోయి ఉంటే, ప్యాక్ మొత్తం పోయిందన్న మాట నిజం కాదు. ఒకటి రెండు బ్యాటరీలు మిగతావాటిని కిందకి లాగుతున్నాయి. అన్నీ సమానంగా తక్కువగా ఉంటే వాటికి ఎప్పుడూ పూర్తి చార్జ్ అందలేదని అనుమానించాలి. ఇంకో పరీక్ష కూడా చేయించండి. ఆరుగురిని ఎక్కించి, బండి మీ బేస్‌మెంట్ ర్యాంప్ ఎక్కుతున్నప్పుడు ఒక్కో బ్యాటరీ మీద మీటర్ పెట్టి చూడాలి. లోడ్ మీద ఏ బ్యాటరీ అయితే 5.25 వోల్టుల కిందకి జారుతుందో దొంగ అదే.

గేటెడ్ కమ్యూనిటీల్లో నేను ఎక్కువగా చూసిన జబ్బు సగం చార్జింగ్. మధ్యాహ్నం డ్రైవర్ భోజనానికి వెళ్తూ గంటసేపు ప్లగ్ పెడతాడు, సాయంత్రం మరో గంట. రాత్రి పెట్టిన ప్లగ్‌ను తెల్లవారుజామున ఎవరో తీసేస్తారు. లెడ్ యాసిడ్‌లో మొదటి ఎనభై శాతం త్వరగానే ఎక్కుతుంది, చివరి ఇరవై శాతానికి గంటలు పడుతుంది. ఆ చివరి భాగం రోజూ ఎగ్గొడితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. కెపాసిటీ నెలనెలా తరుగుతుంది, బయటికి మాత్రం ఏమీ కనిపించదు. ఈ అలవాటు మారకపోతే ప్రపంచంలోనే మంచి లెడ్ బ్యాటరీ తెచ్చినా నిలవదు.

రెండోది మన ఎండ. లెడ్ యాసిడ్‌కి లెక్కలన్నీ 25 డిగ్రీల మీద ఉంటాయి. దాని మీద సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. చార్జింగ్ వోల్టేజ్ కూడా వేడిని బట్టి తగ్గాలి. సెల్‌కి 2.45 వోల్టులు అనుకుంటే 24 సెల్స్‌కి 58.8 వోల్టులు. బ్యాటరీ 40 డిగ్రీల మీద ఉంటే సెల్‌కి డిగ్రీకి 5 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించి 57 దగ్గర ఆపాలి. టెంపరేచర్ సెన్సార్ లేని చార్జర్ మే నెలలో కూడా 58.8 ఇస్తూనే ఉంటుంది, నీళ్లు మరిగినట్టు ఆవిరైపోతాయి. మీ చార్జర్‌కి ఆ సెన్సార్ వైరు ఉందో లేదో, ఉంటే బ్యాటరీకి తగిలించి ఉందో లేదో చూడమనండి. చాలా చోట్ల అది ఊడి వేలాడుతూ ఉంటుంది.

ఇక ఇన్వర్టర్ బ్యాటరీల సంగతి. ఆ డీలర్ పూర్తిగా అబద్ధం చెప్పాడని కాదు. ట్యూబులర్ ఇన్వర్టర్ బ్యాటరీ కూడా లోతుగా ఖాళీ అయ్యి మళ్లీ నిండటానికే తయారైంది, కారు బ్యాటరీలా పలచటి ప్లేట్లది కాదు. కానీ దాని పని ఇంట్లో ఒక మూల కదలకుండా కూర్చుని ఫ్యాన్లు, లైట్లకు నెమ్మదిగా కరెంటు ఇవ్వడం. దాని మీద రాసిన 150 ఆంపియర్ అవర్ అనేది సాధారణంగా సీ20 లెక్క, అంటే ఇరవై గంటలపాటు 7.5 ఆంపియర్ల చొప్పున మెల్లగా తీస్తే వచ్చే లెక్క. బగ్గీ అలా తీయదు. మీ బండి బరువు, ఆరుగురు మనుషులు కలిపి 1,050 కిలోలు అనుకుందాం. పదికి ఒకటి వాలున్న ర్యాంప్‌ని గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర 3.3 కిలోవాట్ల దాకా కావాలి. మోటారు, దానికి కరెంటు అందించే కంట్రోలర్, గేర్లలో పోయేది కూడా కలిపితే బ్యాటరీ నుంచి 90 ఆంపియర్ల పైనే లాగుతుంది. ర్యాంప్ మధ్యలో ఆగి మళ్లీ కదిలించినప్పుడు కొన్ని సెకన్లు 200 దాటుతుంది. ఎంత గట్టిగా లాగితే లెడ్ బ్యాటరీ అంత తక్కువ ఇస్తుంది. దానికి తోడు పొడవాటి ట్యూబులర్ బ్యాటరీ సీటు కింద పట్టదు. స్పీడ్ బ్రేకర్ల కుదుపులకు తట్టుకునేలా కట్టిందీ కాదు. బండిలో పెడితే వారంటీ చెల్లుతుందో లేదో కార్డు మీద చదివి చూడండి.

ఈ-రిక్షా బ్యాటరీ అని ఇంకో రకం చూపిస్తారు. ఇన్వర్టర్ దానికంటే అది నయమే, కుదుపులకు తట్టుకుంటుంది. చదును నేల మీద తక్కువ దూరం తిరిగే నాలుగు సీట్ల బండికి నేనే పెట్టించాను. మీ ఆరు సీట్లకి, ర్యాంప్‌కి మాత్రం చాలదు.

ఏ బ్యాటరీ చూసినా డీలర్‌ని సీ5 కెపాసిటీ ఎంత అని అడగండి. ఐదు గంటల్లో ఖాళీ చేస్తే వచ్చే లెక్క అది, బగ్గీ పనికి దగ్గరగా ఉండేది అదే. గోల్ఫ్ కార్ట్‌లలో బాగా పేరున్న ట్రోజన్ టీ-105 ని తీసుకుంటే, 6 వోల్టులు, సీ20 లో 225, సీ5 లో 185. అదే కంపెనీ 12 వోల్టుల టీ-1275 సీ20 లో 150, సీ5 లో 120. డీలర్ సీ5 చెప్పలేకపోతే డేటాషీట్ తెప్పించమనండి. డేటాషీట్ లేని బ్యాటరీ కొనకండి, అంతే.

ఇప్పుడు మీ అవసరం ఎంతో లెక్క కట్టాలి. కమిటీలో ఎవరూ ఈ పని చేయరు, అందరూ ధర దగ్గరే ఆగిపోతారు. చార్జర్ ప్లగ్ దగ్గర ఒక చిన్న కరెంటు మీటర్ పెట్టించి వారం రోజులు యూనిట్లు రాయించండి. వారాంతం తప్పకుండా కలవాలి, ఆ రెండు రోజులు బండి ఎక్కువ తిరుగుతుంది. గోడ దగ్గర కాలిన యూనిట్లలో సుమారు డెబ్బై శాతమే బండి నడపడానికి వచ్చిందనుకోండి, మిగతాది చార్జర్‌లో, బ్యాటరీలో వేడిగా పోతుంది. ఉదాహరణకి రోజుకి ఐదున్నర యూనిట్లు కాలితే, బండి వాడింది 3.9 యూనిట్లు.

ఎనిమిది టీ-105 లాంటివి పెడితే 48 వోల్టుల దగ్గర 185 ఆంపియర్ అవర్, అంటే 8.9 యూనిట్లు. లెడ్ యాసిడ్‌ని సగానికి మించి ఖాళీ చేయకూడదన్నది నేను గట్టిగా పాటించే నియమం. అప్పుడు మీ చేతికొచ్చేది 4.4 యూనిట్లు. మీ 3.9 అందులో ఇముడుతుంది, కాస్త మిగులు కూడా ఉంటుంది. టీ-1275 లాంటి 12 వోల్టులవి నాలుగు పెడితే మొత్తం 5.8, సగం 2.9. రోజూ మూడింట రెండు వంతులు ఖాళీ అవుతుంది. కొత్తలో తేడా తెలియదు, ఏడాది తిరిగేసరికి సాయంత్రం ట్రిప్పుల్లో బండి ఈడ్చుకుంటూ వస్తుంది. సగం ఖర్చుతో అయిపోతుందన్న మాట వెనక ఉన్నది ఇదే. బ్యాటరీల సంఖ్య తగ్గింది, సీసం తగ్గింది, ఆ మేరకు పని కూడా తగ్గుతుంది.

లిథియంలో అయితే 51.2 వోల్టులు, 105 ఆంపియర్ అవర్ ప్యాక్ 5.4 యూనిట్లు. ఎనభై శాతం వాడుకోవచ్చు కాబట్టి 4.3. అంటే 225 అని రాసి ఉన్న లెడ్‌కి 105 అని రాసి ఉన్న లిథియం సమానంగా పనిచేస్తుంది. ఆంపియర్ అవర్ చూసి లిథియం చిన్నదనుకోకండి. బరువు తేడా ఇంకా పెద్దది. టీ-105 ఒక్కోటి 28 కిలోలు, ఎనిమిదికి 224. అదే పని చేసే లిథియం ప్యాక్ 50 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఇద్దరు మనుషులు దిగిపోయినంత తేలికవుతుంది బండి, ర్యాంప్ మీద ఆ తేడా డ్రైవర్‌కే తెలుస్తుంది. సగం చార్జింగ్ దానికి జబ్బు కాదు, మధ్యాహ్నం గంట, సాయంత్రం గంట పెట్టుకున్నా నిశ్చింతగా ఉండొచ్చు. నీళ్లు పోసే పని లేదు.

అయితే లిథియం అని ఒక్క మాటలో కొనకండి. మీకు కావాల్సింది ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) అనే ఇంకో లిథియం రకం తేలిక, కానీ వేడికి త్వరగా అదుపు తప్పుతుంది. పిల్లలు కూర్చునే సీటు కింద, బేస్‌మెంట్‌లో చార్జ్ అయ్యే బండికి ఎల్ఎఫ్‌పీ తప్ప వేరేది నేను ఒప్పుకోను. సెల్ వోల్టేజ్ అడిగితే తెలిసిపోతుంది. ఎల్ఎఫ్‌పీ 3.2 వోల్టులు, 16 సెల్స్ కలిపి 51.2, నిండితే 58.4. డీలర్ 13 సెల్స్ అనో 14 సెల్స్ అనో అంటే అది ఎన్ఎంసీ.

తర్వాత బీఎంఎస్. ప్యాక్‌ని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు అది, ఎంత కరెంటు దాకా అనుమతిస్తుందో కొటేషన్‌లో రాయించుకోవాలి. చౌక ప్యాకుల్లో 100 ఆంపియర్ల బీఎంఎస్ ఉంటుంది. పైన లెక్క చూశారు కదా, మీ ర్యాంప్ మీద మామూలుగానే 90 దాటుతుంది. పెద్దాయన నలుగురితో కలిసి ఎక్కుతుండగా మధ్యలో బీఎంఎస్ కట్ అయితే బండి వాలు మీద ఆగిపోతుంది. ఇది నేను ఊహించి చెప్పేది కాదు, ఒక రిసార్టులో కళ్లారా చూశాను. నిలకడగా 200 ఆంపియర్లు, కొన్ని సెకన్లపాటు మీ కంట్రోలర్ గరిష్ఠం ఎంతో అంత ఇచ్చే బీఎంఎస్ ఉండాలి. కంట్రోలర్ మీద ఆ అంకె రాసే ఉంటుంది, ఫోటో తీసి డీలర్‌కి పంపండి.

12 వోల్టుల లిథియం బ్యాటరీలు నాలుగు వరసగా కలిపితే సరిపోతుందని కూడా కొందరు అమ్ముతారు. వద్దండి. నాలుగింటిలో నాలుగు బీఎంఎస్‌లు ఉంటాయి, అందులో ఏ ఒక్కటి కట్ అయినా బండి ఆగుతుంది. నాలుగూ ఒకే స్థాయిలో నిండవు కూడా. ఒకే 51.2 వోల్టుల ప్యాక్ తీసుకోండి.

లిథియం పెడితే చార్జర్ మార్చాల్సిందే, పాత లెడ్ చార్జర్ వాడకూడదు. డాష్‌బోర్డు మీద ఉన్న బ్యాటరీ మీటర్ కూడా పనికిరాదు. అది వోల్టేజ్ చూసి చెబుతుంది, ఎల్ఎఫ్‌పీ వోల్టేజ్ చివరిదాకా దాదాపు ఒకేలా ఉంటుంది. డ్రైవర్‌కి నిండుగా కనిపిస్తూ కనిపిస్తూ ఒక్కసారిగా ఆగిపోతుంది. వెళ్లే కరెంటును కొలిచి శాతం చూపించే మీటర్ ప్యాక్‌తో పాటే ఇప్పించుకోండి. లైట్లు, హారన్ 12 వోల్టులవి అయితే వాటికి 48 ని 12 వోల్టులకు తగ్గించే డీసీ-డీసీ కన్వర్టర్ ఉందో లేదో చూడండి. మీ బండి క్లబ్ కార్ అనే కంపెనీ పాత మోడల్ అయితే అందులో చార్జర్‌ని నడిపే ఆన్‌బోర్డ్ కంప్యూటర్ ఉంటుంది, లిథియంకి మార్చేటప్పుడు దాన్ని బైపాస్ చేయాలి. ఇది తెలియని మెకానిక్ చేతికి పని ఇవ్వకండి. ఈ ఖర్చులన్నీ కొటేషన్‌లో కలిసే ఉండాలి, తర్వాత ఒక్కొక్కటిగా బయటికి రాకూడదు.

భద్రత గురించి కమిటీలో తప్పకుండా అడుగుతారు. 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలిపోయిన సంఘటనల తర్వాత బ్యాటరీ ప్యాకులకు ఏఐఎస్-156 అనే భద్రతా నిబంధనలు కఠినం చేశారు. మొదటి దశ ఆ ఏడాది డిసెంబర్ 1న, రెండో దశ 2023 మార్చి 31న అమల్లోకి వచ్చాయి. అవి రోడ్డు మీద రిజిస్టరయ్యే టూవీలర్లు, త్రీవీలర్ల కోసం. కాంపౌండు లోపలే తిరిగే మీ బగ్గీని ఎవరూ అడగరు. అందుకే మీరే అడగాలి. ఆ స్థాయి పరీక్షలు పాసైన ప్యాక్ కావాలని, సెల్స్‌కి ఐఎస్ 16046 అనే భారత భద్రతా ప్రమాణం సర్టిఫికెట్ చూపించాలని రాతపూర్వకంగా పెట్టండి. చూపించలేని వాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు.

బేస్‌మెంట్ చార్జింగ్ విషయంలో లెడ్ యాసిడ్ కూడా తక్కువ ప్రమాదకరమేమీ కాదు. చార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వస్తుంది, గాలిలో నాలుగు శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. మూసిన స్టోర్ రూములో బండి పెట్టి తలుపేసి చార్జ్ చేస్తుంటే, ఇవాళే ఆపించండి. గాలి ఆడే చోటే చార్జింగ్ పెట్టాలి.

ఏజీఎం, జెల్ లాంటి సీల్డ్ (మూత తెరవని) లెడ్ బ్యాటరీల గురించి ఒక్క మాట. నీళ్లు పోయక్కర్లేదు కాబట్టి ఆకర్షణీయంగా ఉంటాయి. కానీ ధర ఎక్కువ, మన ఎండలో చార్జర్ కాస్త తేడాగా ఉంటే లోపల ఎండిపోతాయి, తిరిగి నింపే దారి లేదు. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి లిథియంకి వెళ్లడమే మేలు.

ధర పోల్చేటప్పుడు మొత్తం చూడకండి. చేతికొచ్చే యూనిట్లను కంపెనీ చెప్పే సైకిళ్లతో (ఒకసారి ఖాళీ చేసి మళ్లీ నింపితే ఒక సైకిల్) గుణించి, ధరని దానితో భాగించండి. టీ-105 కి సగం వాడకంలో 1,200 సైకిళ్ల దాకా చెబుతారు, మంచి ఎల్ఎఫ్‌పీకి ఎనభై శాతం వాడకంలో 2,000 నుంచి 3,000 పైన. రెండూ చల్లటి గదిలో కొలిచిన అంకెలే, మన ఎండలో రెండూ తగ్గుతాయి, లెడ్ ఎక్కువ తగ్గుతుంది. మీ బండి రోజూ తిరిగేదే కాబట్టి ఈ లెక్కలో లిథియం గెలిచే అవకాశం ఎక్కువ. ఆదివారాలు మాత్రమే తీసే బండి అయితే నేను లెడ్ వైపే ఉంటాను, అన్ని సైకిళ్లు అది ఎప్పటికీ వాడుకోదు.

మీ దగ్గర పదిహేను రోజులకోసారి మూతలు తీసి చూసే, నెలకోసారి సెల్స్ అన్నీ సమం కావడానికి ఈక్వలైజ్ చార్జ్ పెట్టే, ఎనిమిది గంటలు ప్లగ్ పీకకుండా చూసే నమ్మకమైన ఎలక్ట్రీషియన్ ఉంటే, బడ్జెట్ తక్కువైతే, ఎనిమిది డీప్ సైకిల్ లెడ్ బ్యాటరీలు నిస్సంకోచంగా కొనండి. ఏజెన్సీ డ్రైవర్లు మూడు నెలలకోసారి మారిపోతుంటే ఎల్ఎఫ్‌పీ కొనండి. మీరు రాసినదాన్ని బట్టి మీది రెండో పరిస్థితి అనిపిస్తోంది.

లెడ్ వైపే వెళ్తే ఎనిమిదీ ఒకే బ్యాచ్‌వి కావాలి, తయారీ కోడ్ చూసి మూడు నెలలకు మించి పాతవైతే వెనక్కి పంపండి. పాతవాటిలో బాగున్నవి రెండు ఉంచి ఆరు కొనే ఆలోచన చేయొద్దు, ఈ వయసులో పాతవి కొత్తవాటిని కూడా తమ స్థాయికి దించేస్తాయి. ఇంటర్‌కనెక్షన్ కేబుళ్లు కూడా మార్చండి, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, బాగా ప్రెస్ చేసిన లగ్గులు. వదులు టెర్మినల్ కాలి కరిగిపోయిన బ్యాటరీలు చాలా చూశాను. బోరు నీళ్లు, ఇంట్లో ఆర్వో నీళ్లు పోయనివ్వకండి, డిస్టిల్డ్ లేదా డీఎం (ఖనిజాలు తీసేసిన) వాటర్ మాత్రమే. నీళ్లు చార్జింగ్ అయిపోయిన తర్వాత పోయాలి. ముందే నిండా పోస్తే చార్జింగ్‌లో పొంగి యాసిడ్ ట్రే మీదకి కారుతుంది, ఛాసిస్ తుప్పు పడుతుంది. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత వరకే ముందు పోసి, మిగతాది తర్వాత పోయాలి.

పాత ఎనిమిదింటినీ ఊరికే వదిలేయకండి. 200 కిలోల పైన సీసపు స్క్రాప్ అది, తూకం వేయించి కొత్తవాటి బిల్లులో తగ్గించమని అడగండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని రిజిస్టరైన రీసైక్లర్‌కే చేర్చాలి, యాసిడ్ పారబోసే పాత ఇనుము కొట్టుకి కాదు. రసీదు తీసుకుని కమిటీ ఫైల్లో పెట్టండి.

కొత్త లెడ్ బ్యాటరీలు మొదటి రోజు నుంచే పూర్తి కెపాసిటీ ఇవ్వవు, కొన్ని పదుల సైకిళ్లు నడిస్తేనే పూర్తి స్థాయికి వస్తాయి. ఆ మొదటి రెండు నెలలు ట్రిప్పులు కాస్త తగ్గించమని డ్రైవర్లకి చెప్పండి, వారాంతాల్లో మధ్యాహ్నం పూట బండికి విశ్రాంతి ఇవ్వండి. లిథియంకి ఆ ఇబ్బంది లేదు, బిగించిన రోజే ఆరుగురిని ఎక్కించి ర్యాంప్ మధ్యలో ఆపి, మళ్లీ కదిలించి చూడండి. డీలర్ మనిషి అక్కడ ఉండగానే ఇది చేయించి, బండి ఆగకుండా ఎక్కితేనే మిగతా డబ్బు ఇవ్వండి.